రక్తపోటు: తప్పు మాత్రది కాదు, ఉప్పుజాడీది

రక్తపోటు పట్టణవాసులకూ ధనికులకూ మాత్రమే వచ్చే వ్యాధి అన్న భావన మన పల్లెలలో ఇంకా పోలేదు. వాస్తవం వేరు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏండ్లు పైబడిన స్త్రీలలో 21 శాతం, పురుషులలో 24 శాతం మందికి రక్తపోటు హెచ్చుగా ఉన్నది, లేదా వారు దానికి మందు వాడుతున్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఈ పాలు దేశపు సగటు కంటె ఎక్కువే. 2003-04లో గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో జరిగిన మరణాలకు కారణాలు పరిశీలించినప్పుడు, సుమారు మూడింట ఒక వంతు గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన వ్యాధుల వలననే అని తేలింది. అవి పొలాలు దున్నుకొని బ్రతికే ఊళ్ళు. కనుక కాయకష్టం చేసేవానికి రక్తపోటు రాదనుకొనుట భ్రమ.

నాయుడుపేట పరిసరాలలో ఈ భ్రమతోపాటు మరొకటి కూడా ప్రబలి ఉన్నది. "బీపీ మాత్ర ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా మింగాల్సిందేనంట గదా సామీ! అందుకే మానేసి మీ దగ్గరికి వచ్చినాం. ఏదన్నా వేరో, ఆకో ఇప్పించండి" అని అడిగేవారు ఆయుర్వేద వైద్యుని వద్దకు వస్తూనే ఉంటారు. ఆయుర్వేదం మీద వారికి గల విశ్వాసం సంతోషం కలిగించేదే. కాని ఆ విశ్వాసాన్ని ఆసరాగా తీసుకొని, "ఆ మాత్రలు పారవేయండి, నేను నయం చేస్తాను" అని చెప్పే వైద్యుడు రోగికి మేలు చేయడం లేదు, శాస్త్రానికి కూడా గౌరవం చేకూర్చడం లేదు. గురుకులంలో సంహితలు వల్లెవేసి, ఈ వృత్తిలోనే తల నెరసినవానిగా ఈ విషయంలో నా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా చెప్పదలచినాను.

పోటు అంటే ఏమిటి?

గుండె ముడుచుకొన్న ప్రతిసారీ రక్తాన్ని ధమనులలోకి నెట్టుతుంది. ఆ రక్తం ధమనుల గోడల మీద కలిగించే ఒత్తిడే రక్తపోటు. గుండె ముడుచుకొన్నప్పటి ఒత్తిడి పై అంకె, విప్పారినప్పటి ఒత్తిడి క్రింది అంకె. పొలంలో బోరు మోటారుకు తగిలించిన గొట్టాన్ని తలచుకొంటే ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. గొట్టంలోకి వచ్చే నీరు ఎక్కువైనా, గొట్టం సన్నబడినా, పాతబడి బిరుసెక్కినా ఒత్తిడి పెరుగుతుంది. దేహంలోనూ అంతే. ఉప్పు ఎక్కువైతే నీరు నిలిచి రక్తం పరిమాణం పెరుగుతుంది. కోపం, ఆందోళన, పొగాకు ధమనులను బిగింపజేస్తాయి. వయస్సుతోపాటు ధమనులు బిరుసెక్కుతాయి. మూత్రపిండాలు చెడితే పోటు పెరుగుతుంది. పోటు పెరిగితే మూత్రపిండాలు చెడతాయి. ఒకదాని కీడు రెండవదానికి బలం అవుతుంది.

రెండు వేరువేరు రోజులలో సరిగా కొలిచినప్పుడు పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, లేదా అంతకు మించి గాని ఉంటే దానిని అధిక రక్తపోటుగా ఎంచుతారు. 120కి 80 లోపు ఉండుట క్షేమం. నడివయస్కులలో పై అంకె 20 పెరిగినప్పుడెల్లా పక్షవాతంతోనో గుండెజబ్బుతోనో మరణించే ప్రమాదం ఇంచుమించు రెట్టింపు అవుతుందని, లక్షలాది మందిని ఏండ్ల తరబడి గమనించిన పరిశోధనలను క్రోడీకరించి 2002లో వైద్యులు ప్రకటించినారు.

ఈ వ్యాధికి ప్రాచీన సంహితలలో సూటి అయిన పేరు లేదు. రక్తగతవాతమని కొందరు, మరొక పేరుతో మరికొందరు ఈ కాలపు పండితులు సమన్వయం చేస్తున్నారు. పేరు లేకపోవుట మన పూర్వులకు లోపం కాదు. వారు లక్షణాన్ని బట్టి వ్యాధిని గుర్తించినారు. రక్తపోటుకు చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. తలనొప్పి, తల తిరుగుట, మెడ పట్టుట కనబడితేనే పోటు ఉన్నదని, అవి లేకపోతే లేదని అనుకొనుట పొరపాటు. ఏమీ తెలియకుండా పదేండ్లు గడిచి, ఒక తెల్లవారుజామున మూతి వంకరపోయి, కాలు చెయ్యి పడిపోయినప్పుడు మాత్రమే బయటపడే సందర్భాలు ఎన్నో.

నాడి చూచుట చాలదు

"మీరు నాడి పట్టి చెప్పండి, ఆ గాలిపట్టీ ఎందుకు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. నాడీపరీక్ష వలన దోషగతిని, దేహబలాన్ని తెలిసికొనవచ్చును. కాని పోటు 138 ఉన్నదో 168 ఉన్నదో వ్రేళ్ళతో చెప్పగల వైద్యుడు లేడు. చెప్పగలనని అనేవానిని నమ్మవద్దు.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తు చేసికొనుట మంచిది. మనం ఇంతగా గౌరవించే నాడీపరీక్ష చరక, సుశ్రుత సంహితలలో ప్రత్యేక పరీక్షగా కనిపించదు. ఆ తరువాత ఎన్నో శతాబ్దాలకు వచ్చిన శార్ఙ్గధర సంహితలో దానికి స్థానం లభించింది. అనగా మన పూర్వవైద్యులు ఉపయోగపడే క్రొత్త పరీక్షను చేర్చుకొన్నారే కాని, సంహితలో లేదు గదా అని త్రోసివేయలేదు. ఇటలీకి చెందిన రివా రోచీ 1896లో చేతికి చుట్టే పట్టీని రూపొందించినాడు. రష్యా వైద్యుడు కొరత్కోవ్ 1905లో స్టెతస్కోపుతో ధ్వని విని రెండు అంకెలనూ తెలిసికొనే పద్ధతిని చెప్పినాడు. ఆ సాధనాన్ని మన వైద్యశాలలో ఉంచుకొనుట పూర్వుల మార్గాన నడచుటే అని నా అభిప్రాయం.

కొలిచే పద్ధతిలోనూ శ్రద్ధ అవసరం. బస్సు దిగి పరుగున వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టరాదు. కాఫీ, బీడీ, చుట్ట త్రాగి అరగంట అయినా గడవవలెను. మూత్రవిసర్జన చేసి, వీపుకు ఆనుడు ఉండేటట్లు కూర్చొని, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మౌనంగా ఉండవలెను. చేయి గుండె మట్టానికి ఉండవలెను. రెండుసార్లు కొలిచి రెండూ వ్రాసికొనవలెను. 30 ఏండ్లు దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారి అయినా ఈ పరీక్ష చేయించుకొనుట మేలు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో దీనికి పైకం ఇవ్వనక్కరలేదు.

చరకుడు హెచ్చరించిన మూడవ వస్తువు

ఇక అసలు విషయానికి వద్దాం. చరక సంహిత విమానస్థానంలోని మొదటి అధ్యాయంలో అతిగా వాడరాని మూడు ద్రవ్యాలను ఆచార్యుడు పేర్కొన్నాడు. అవి పిప్పలి, క్షారం, లవణం. అతిగా ఉప్పు తినేవారి దేహం బలహీనమై, సడలిపోయి, అకాలంలో జుట్టు నెరసి, ముడుతలు పడుతుందని చెప్పినాడు. బాహ్లిక, సౌరాష్ట్ర, సింధు, సౌవీర దేశాలవారు పాలలో సైతం ఉప్పు వేసికొని తింటారని ఉదహరించినాడు. సూత్రస్థానంలో లవణరసం మితిమీరితే పిత్తం ప్రకోపిస్తుందని, రక్తం వృద్ధి చెందుతుందని, దప్పిక పుడుతుందని వివరించినాడు. రెండు వేల ఏండ్లనాటి ఈ హెచ్చరికను బోధించే మనమే, రోగికి పథ్యం చెప్పేటప్పుడు వంకాయ మానమంటాము, గుమ్మడి మానమంటాము, ఉప్పు మాట మాత్రం మరచిపోతాము. ఇది విచారకరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునన్నది. అది ఒక చిన్న చెంచా మట్టంగా పట్టే ఉప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రాన్ని పరీక్షించి 2017లో ప్రకటించిన ఒక పరిశోధనలో సగటున మనిషికి రోజుకు తొమ్మిదిన్నర గ్రాముల దాకా చేరుతున్నదని తేలింది. అంటే ఉండవలసినదానికి దాదాపు రెట్టింపు. పాశ్చాత్య దేశాలలో ఈ ఉప్పు అధికంగా కొనితెచ్చుకొనే డబ్బా తిండ్లలో ఉంటుంది. మన ఇండ్లలో ఎక్కువ భాగం మన చేతితో మనమే వేసికొంటున్నాము. ఒక విధంగా ఇది శుభవార్తే. మన చేతిలో ఉన్నదానిని మనమే తగ్గించుకొనవచ్చును.

మన నెల్లూరు తీరపు భోజనాన్ని పరిశీలించండి. కూరలో ఉప్పు, పులుసులో ఉప్పు, అన్నంలో మొదటి ముద్దకు ఊరగాయ, చివర మజ్జిగన్నంలోకి మరల ఊరగాయ, నంజుకొనుటకు ఊరుమిరపకాయలు, అప్పడం. పులికాట్ సరస్సు ప్రాంతపు పల్లెలలో ఎండుచేప తోడవుతుంది. ఉదయం కారం దోసె, సాయంత్రం బండి మీద బజ్జీలు, వాటిలో వంటసోడా. వంటసోడా కూడా సోడియమే. అది రుచికి ఉప్పగా తోచకపోయినా లెక్కలోకి వస్తుంది. మేనకూరు వైపు కర్మాగారాలలో రాత్రి డ్యూటీలు చేసి వచ్చే యువకులు, రహదారి హోటళ్ళ మీద ఆధారపడే లారీ డ్రైవర్లు మిక్చరు, చిప్స్, నూడుల్స్ పొట్లాలతో ఆకలి తీర్చుకొంటున్నారు. నిద్ర తప్పుట ఒకటి, ఉప్పు రెండు. ముప్పై ఏండ్లకే పోటు కనిపించడంలో ఆశ్చర్యం ఏమున్నది?

ఇల్లాండ్రకు ఒక చిన్న లెక్క చెబుతాను. నలుగురు పెద్దలు ఉన్న ఇంటికి మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు. కిలో ఉప్పు ప్యాకెట్టు 50 రోజులు రావలెను. ఊరగాయలోనూ, బయటి తిండ్లలోనూ ఉండే ఉప్పును కలుపుకొంటే ఇంకా ఎక్కువ రోజులే రావలెను. ప్యాకెట్టు విప్పిన రోజున దాని మీద తేదీ వ్రాసి ఉంచండి. నెల తిరగకముందే అయిపోతే మీ ఇంట్లో మనిషికి 8 గ్రాములకు పైగా ఖర్చవుతున్నదని అర్థం. ఏ పరీక్షశాలకూ వెళ్ళకుండా తెలిసే సంగతి ఇది. ఒక్కసారిగా తగ్గిస్తే ఇంటిల్లిపాదీ అలుగుతారు. వారం వారం చిటికెడు చొప్పున తగ్గించండి. నాలుక కొద్ది వారాలలో అలవాటుపడుతుంది. నిమ్మరసం, చింతపండు, మిరియం, జీలకర్ర, కరివేపాకు రుచిని నిలబెడతాయి. అన్నం వార్చేటప్పుడు ఉప్పు వేయకండి. మజ్జిగకు ఉప్పు అవసరం లేదు. పళ్ళెం ప్రక్కన ఉప్పుగిన్నె పెట్టకండి. ఎండుచేపను నీటిలో నానబెట్టి, రెండుమూడుసార్లు కడిగి, కూరలో వేరుగా ఉప్పు వేయకుండా వండండి.

"రోహిణి కార్తెలో చెమటతో ఉప్పంతా పోతుంది, తినకపోతే నీరసం రాదా?" అని అడుగుతారు. చెమటలో కొంత ఉప్పు పోవుట నిజమే. కాని తొమ్మిదిన్నర గ్రాములు తినేవానికి కొరత ఏర్పడదు. ఎండలో పనిచేసేవారికి ముందుగా కావలసినది నీరు. వాంతులు, విరేచనాలు అయినప్పుడు మాత్రం ఉప్పు, చక్కెర కలిసిన ద్రవం ఔషధమే, అప్పుడు వెనుకాడరాదు.

సైంధవం పేరిట జరుగుతున్న మోసం

ఈ నడుమ గులాబీరంగు ఉప్పు, కొండ ఉప్పు పేర్లతో అధిక ధరకు అమ్మి, "దీనితో బీపీ రాదు, ఆయుర్వేదం చెప్పింది" అని ప్రచారం చేస్తున్నారు. సంహితలలో సైంధవ లవణాన్ని లవణాలన్నింటిలో శ్రేష్ఠమని చెప్పిన మాట నిజం. ఉప్పులలో అది మేలైనది అన్నారే కాని, ఎంతైనా తినవచ్చునని ఎక్కడా అనలేదు. సైంధవంలోనూ అత్యధిక భాగం సముద్రపు ఉప్పులో ఉండే పదార్థమే. పోటు మీద దాని ప్రభావమూ అదే. పైగా దానిలో సాధారణంగా అయోడిన్ కలపరు. అదే వాడే ఇండ్లలో గర్భిణులకు, పసిబిడ్డలకు అయోడిన్ కొరత రావచ్చును.

సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వేరు. చైనాలో 600 గ్రామాలలో సుమారు 21 వేల మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో ఇటువంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. అది మేలైన మార్గమే. అయితే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి, కొన్ని రకాల పోటుమాత్రలు వాడేవారికి పొటాషియం నిలిచిపోయి గుండెకు ప్రమాదం కలుగుతుంది. వైద్యుని అడగకుండా వారు దానిని వాడరాదు.

మూలిక అయినంత మాత్రాన నిరపాయం కాదు

రక్తపోటుకు ఆయుర్వేదం ప్రపంచానికి ఇచ్చిన కానుక సర్పగంధ. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు దీని వేరు పోటును తగ్గిస్తుందని ప్రకటించినారు. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని ఇంగ్లండు వైద్యపత్రికలో ప్రచురించడంతో లోకమంతా దానివైపు చూచింది. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దాని నుండి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేసినారు. ఇంగ్లీషు మందు, మన మందు అని మనం వాదులాడుకొనే వేళ గుర్తుంచుకొనవలసిన చరిత్ర ఇది. అదే సర్పగంధ మోతాదు మించితే మనస్సును క్రుంగదీస్తుంది. ముక్కు దిబ్బడ, కడుపులో పుండు కలిగించవచ్చును. పచారీ కొట్టులో పొడి కొనుక్కొని మ్రింగే వస్తువు కాదది.

మరొక ముఖ్యమైన సంగతి. దగ్గుకూ, కడుపుమంటకూ మనం విరివిగా వాడే అతిమధురాన్ని రోజుల తరబడి తింటే దేహంలో ఉప్పు, నీరు నిలిచి, పొటాషియం పోయి, రక్తపోటు పెరుగుతుంది. పోటు ఉన్నవారు దానిని వాడరాదు. మోకాళ్ళ నొప్పులకు మందులషాపులో అడిగి తెచ్చుకొనే నొప్పిమాత్రలు కూడా పోటును పెంచి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

వెల్లుల్లి, మునగాకు, సొరకాయ, మెంతులు వంటివి మంచి ఆహారాలు. వెల్లుల్లి పోటును కొద్దిగా తగ్గించునని పరిశోధనలు కూడా చెబుతున్నవి. కాని 170 ఉన్న పోటును వెల్లుల్లి రెబ్బలు 130కి దించలేవు. వంటింటి చిట్కా మందుకు తోడు, మందుకు బదులు కాదు.

మాత్ర మానినందువలన జరిగే కీడు

మాత్ర వేసికొన్నవానికి పోటు అదుపులోకి వస్తుంది. అదుపులోకి వచ్చింది గదా అని మానివేస్తాడు. కొద్ది రోజులలో పోటు తిరిగి పెరుగుతుంది. కొన్ని మందులు హఠాత్తుగా మానితే మునుపటి కంటె ఎక్కువగా ఎగదన్నుతుంది. అతనికి బాధ ఏమీ తెలియదు. చివరకు పక్షవాతం తగులుతుంది. అప్పుడు "ఆ మాత్రల వలననే ఇలా అయింది" అంటారు. కారణం మాత్ర కాదు, మాత్రను మానుట.

మాత్ర పడకపోతే మార్గం ఉన్నది. కాళ్ళు వాచినా, పొడిదగ్గు వచ్చినా, లేచినప్పుడు కళ్ళు తిరిగినా ఆ మందు వ్రాసిన వైద్యునికి చెప్పండి. ఆయన వేరొకటి ఇవ్వగలరు. ఉప్పు తగ్గించి, బరువు తగ్గి, పోటు చాలా కాలం అదుపులో ఉన్నప్పుడు మోతాదు తగ్గించే అవకాశం కూడా కొందరికి ఉంటుంది. ఆ నిర్ణయం అంకెలు చూచి వైద్యుడు చేయవలసినది. పొలానికి ఏటేటా నీరు పెట్టుట భారమని అనుకోని రైతు, రోజుకొక మాత్ర భారమని అనుకొనుట సబబు కాదు.

హఠాత్తుగా మూతి వంకరపోయినా, ఒకవైపు చేయి కాలు బలం తప్పినా, మాట తడబడినా ఆ క్షణమే 108కి కబురు చేసి పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. రక్తనాళంలోని గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపు మాత్రమే ఇస్తారు. ఆ అమూల్యమైన సమయాన్ని పావురం రక్తం పూయించుటకో, నాటుమందు కోసం ఊరూరా తిరుగుటకో వ్యర్థం చేయకండి. తైలాభ్యంగనాలు, కషాయాలు ఆ గండం గడచిన తరువాత, వైద్యుల అనుమతితో చేయవలసినవి. అలాగే గర్భిణికి పోటు పెరిగి, కాళ్ళు చేతులు వాచి, తలనొప్పి, కళ్ళు మసకలు వస్తే అది గుర్రపువాతానికి ముందు సూచన కావచ్చును. ఇంటి వైద్యం ఒక్క పూట కూడా తగదు.

రాకుండా కాపాడుకొనుట

వ్యాయామం అర్ధశక్తితో చేయవలెనని శాస్త్రం. నుదుట చెమట పట్టి, నోటితో శ్వాస తీయవలసిన స్థితికి రాగానే ఆపవలెను. రోజుకు అరగంట చురుకైన నడక చాలును. నడుము చుట్టుకొలత పెరగనీయకండి. పొగాకు ఏ రూపంలోనైనా విడిచిపెట్టండి. సారాయి సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి ఏడు గంటల నిద్ర అవసరం. పెద్దగా గురక పెట్టి, పగలు కునికిపాట్లు పడేవారు వైద్యునికి చూపించుకొనవలెను. ఆ గురక పోటుకు కారణం కావచ్చును. మలమూత్రాదుల వేగాలను ఆపరాదని, లోభం, శోకం, భయం, క్రోధం అనే మనోవేగాలను మాత్రం ఆపుకొనవలెనని చరకుడు చెప్పిన మాట ఈ వ్యాధికి అతికినట్లు సరిపోతుంది. ప్రాణాయామం, ధ్యానం మనస్సుకు శాంతినిస్తాయి; కాని ఊపిరి గట్టిగా బిగబట్టే అభ్యాసాలు, శీర్షాసనం పోటు ఎక్కువగా ఉన్నవారికి తగవు.

సాటి వైద్యులకు మనవి

ఆయుర్వేద వైద్యులమైన మనకు ఈ వ్యాధి విషయంలో గొప్ప అవకాశం ఉన్నది. ఆహారం గురించి, దినచర్య గురించి రోగితో సావకాశంగా మాట్లాడే తీరిక, అతని ఇంటి వంట తెలిసిన చనువు మనకు ఉన్నాయి. మన మాట మీద అతనికి గురి ఉన్నది. ఆ గురిని ఉప్పు తగ్గించుటకు, పొగాకు మానిపించుటకు, మాత్ర క్రమం తప్పకుండా వేయించుటకు వినియోగిద్దాం. వచ్చిన ప్రతి రోగికీ, అతడు ఏ బాధతో వచ్చినా సరే, పోటు కొలుద్దాం. ఎక్కువగా ఉంటే ఆరోగ్య కేంద్రానికి పంపుదాం. దానివలన మన రోగి మనకు దూరం కాడు. పక్షవాతంతో మంచం పట్టిన తరువాత తైలం మర్దించుట కంటె, ఆ మంచం ఎక్కకుండా కాపాడుటే ఉత్తమ చికిత్స. స్వస్థుని ఆరోగ్యాన్ని రక్షించుట మన శాస్త్రానికి మొదటి ప్రయోజనమని, రోగిని బాగుచేయుట రెండవదని మన గురువులు మనకు నేర్పినారు. రక్తపోటు విషయంలో ఆ మొదటి పనికి ఆరంభం కావలసిన చోటు మన వంటిల్లు.